ధర్మవరం పెండ్లికి తీసుకుపోయిన మాల

తమ్ముడు సూరి పోయి ఏడాదయింది. సంవత్సరీకానికని హిందూపురం వెళ్లాను. కార్యం ముగిసి, చుట్టాలంతా ఎవరి బస్సు వాళ్లు పట్టుకున్నాక కూడా రెండు రోజులు ఆగిపోయాను. తమ్ముడి మీద ప్రేమతో ఆగిందని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను. నిజం చెప్పాలంటే ముదిగుబ్బలో మా ఇంటికి తిరిగిపోయి నేను వెలగబెట్టేదేమీ లేదు. మా ఆయన తన పేపరూ తన కాఫీ తను చూసుకోగలడు. పైగా మేనకోడలు హారిక తన పూలషాపు చూడకుండా పోతే ఊరుకోనని పట్టుబట్టింది. అద్దాల తలుపు తోసుకొని లోపలికి పోతే చల్లగాలి ముఖానికి తగిలింది. వరసగా బకెట్లు, బకెట్ల నిండా జర్బెరాలు, కార్నేషన్లు, విప్పీ విప్పని గులాబీలు. చాలావరకు బెంగళూరు నుంచి అట్టపెట్టెల్లో దిగినవే. ఇన్ని పూలున్న చోట వాసన లేకపోవడం నాకు కొత్త. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. ఫినాయిల్ వాసన తప్ప ఏమీ తగల్లేదు.

మధ్యాహ్నం పూట హారిక ఆ షాపులోనే ఆరేడుగురు ఆడవాళ్లకు పూలపని నేర్పుతుంది. నేనూ ఓ మూల కుర్చీ వేసుకొని కూర్చున్నాను. ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని కాబట్టి, ఇంకెవరైనా పాఠం చెబుతుంటే తప్పులు వెతకడం నాకు వదలని జబ్బు. హారిక దగ్గర ఒక్కటీ దొరకలేదు. కాడను ఏటవాలుగా కోయాలంది. నీళ్లలో మునిగే ఆకులు తుంచెయ్యాలంది. పండిన పండ్ల దగ్గర పూలు పెట్టకూడదంది. పెద్ద పువ్వు ఎక్కడుంటే చూపు అక్కడ ఆగుతుందని, దానికి ఫోకల్ పాయింట్ అని పేరని చెప్పింది. చివర్లో ఒక మల్లెదండ చేతిలోకి తీసుకొని, "తడి పూలను గాలి ఆడని కవర్లో పెట్టి మూతి కట్టినారంటే, ఎండాకాలం గంటకే ఉడికిపోతాయి. ముందు తడి ఆరాల," అంది. ఆడవాళ్లందరూ తలలు వంచుకొని ఆ మాట నోటుబుక్కుల్లో రాసుకున్నారు. ఎంత తేలిగ్గా రాసుకున్నారో! అది మా అమ్మ మాట.

షాపు వెనక చిన్న గది ఉంది. అక్కడ హారిక తల్లి లక్ష్మి, అంటే మా సూరి భార్య, కింద కూర్చొని గులాబీలకు ముళ్లు గీకుతుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. షాపులో పెండ్లిమాలలు కూడా కడతారు, అవి కట్టడానికి ఇద్దరు పనివాళ్లున్నారు. మాల కట్టడం మొదలుపెట్టగానే లక్ష్మి తన పీట ఎత్తుకొని అవతలికి జరిగింది. ముళ్లు తీసే చేయి పనికొస్తుందట, కట్టే చేయి పనికిరాదట. ఎందుకట్లా జరుగుతున్నావని అడిగాను. ఆమె నవ్వి ఇంకో కాడ చేతిలోకి తీసుకుంది. హారికే అందుకొని, "నేనెన్ని తూర్లు చెప్పినా అమ్మ వినదత్తా. అవ్వ చేయి తగిలి పెండ్లిమాల నల్లగయిందంట కదా, ఆ కథ తలలో ఉండాది ఆమెకు," అంది. మా అమ్మ మీద పుట్టిన ఆ కథ నాకు తెలియకేం. అది పుట్టింది నా నోట్లోనే.

పెనుకొండలో కొండ కింద వరసిండ్లలో ఒకటి మాది. మా నాయన బస్టాండు పక్కన బల్ల వేసుకొని పూలు అమ్మేవాడు. అమ్మ నాగమ్మ ఇంట్లో కట్టేది. మా ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల మనుషులది కాదు, పూలది. ఉత్తరం గోడ వారన ఇసుక పోసి, నీళ్లు చల్లి, దాని మీద గోనెపట్టా, పట్టా మీద తడిబట్ట, బట్ట మీద మల్లెమొగ్గలు పరిచి ఉండేవి. మేము నలుగురం ఎండ మొత్తం తాగిన పడమటి గోడ పక్కన పడుకొనేవాళ్లం. తడిసిన గోనె వాసన, అరటినార వాసన, మరువం వాసన కలిసి నా బట్టలకు ఎంతగా పట్టేవంటే, బడిలో నా పక్కన కూర్చొనే పిల్ల నన్ను చూడకుండానే వచ్చావా అనేది. అరటిపండు తినాలంటే వీధిలోకి పోయి తినాలి. పండు వాసన తగిలితే పూలు ముసలివైపోతాయని అమ్మ పట్టుదల. చదువుకోని మనిషి చాదస్తమని నేను నవ్వేదాన్ని. ఇప్పుడు అదే ముక్క హారిక బోర్డు మీద రాస్తే ఆడవాళ్లు ఫోన్లతో ఫోటో తీసుకున్నారు.

అమ్మ పూల దగ్గర చూపిన శ్రద్ధలో సగం మా మీద చూపినా బాగుండునని చిన్నప్పుడు అసూయగా ఉండేది. కనకాంబరాలకు నీళ్లు తగలనిచ్చేది కాదు. చామంతులను తలకిందులుగా వేలాడదీసేది. సుగంధరాజ పూలను, కోస్తావాళ్లు లిల్లీ అంటారే అవి, విప్పకముందే కాడతో తెప్పించి కుండలో నిలబెట్టేది. రోజాల కాడ కోసేటప్పుడు చేతిని, కత్తిని, కాడను మూడింటినీ నీళ్లలో ముంచి కోసేది. పైన కోస్తే కాడ గాలి మింగుతుంది, ఇంక నీళ్లు తాగదు అనేది. నీళ్లు పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి మార్చాల్సిందే. ఆ నీళ్లు మోసింది నేను. బోరింగు దగ్గర బిందెకు బిందె ఎత్తుకొని వస్తూ, ఈ ఇంట్లో పువ్వుగా పుట్టినా బాగుండేది అనుకొనేదాన్ని.

పెండ్లిమాల అడగడానికి వచ్చినవాళ్లను అమ్మ ముందు రెండే అడిగేది. పెండ్లికూతురు ఎంత పొడుగు, చీర ఏ రంగు. పొట్టి పిల్లకు బరువు మాల వేస్తే పిల్ల కనిపించదు, మాల నడిచొచ్చినట్టుంటుంది అనేది. అరక్కు రంగు చీరకు, అంటే ముదురు ఎరుపుకు, ఎర్ర రోజాలు పెట్టేది కాదు. మధ్యలో తెలుపు వేసి కన్నుకు కాస్త తెరిపి ఇచ్చేది. ధర్మవరం పట్టుచీర అంచు ఎంత వెడల్పో కూడా చేతితో చూపించమనేది. అంతటి అంచు పక్కన మాల కూడా అరవకూడదని ఆమె లెక్క. పెద్ద పూలు గుండెకాయ ఎత్తుకు వచ్చేటట్టు చూసుకొని, పైకి పోయేకొద్దీ చిన్నవి చేసుకుంటూ, మెడ దగ్గర ఒట్టి మొగ్గలు కట్టేది. మెడకు గుచ్చుకుంటే పెండ్లికూతురు పీటల మీద ముఖం చిట్లిస్తుంది, ఆ ముఖమే జనాలకు గుర్తుంటుంది అనేది. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాయన మంచివాడే, తాగడు, కొట్టడు. కానీ బస్టాండు దగ్గర జనం మాలను పొగిడితే ఆ పొగడ్త ఇంటిదాకా మోసుకొచ్చే అలవాటు ఆయనకు లేదు. పెనుకొండ పూలాయన మాల అనేవాళ్లు దాన్ని. అమ్మ పేరు ఎవరికీ తెలియదు. ఆమె పేరు ఊళ్లకు ఎక్కింది ఒక్కసారే, అది కూడా నా పుణ్యమే.

నేను ఏడో తరగతిలో ఉండగా నాయన జ్వరమొచ్చి వారంలో పోయాడు. పదకొండో రోజు అమ్మ తలలోంచి పూలు తీసేశారు. తీసినవాళ్లు, ఇంక వీటితో నీకు పని లేదమ్మా అన్నారు. ఇంటి నిండా పూలున్న మనిషితో ఆ మాట అన్నారు. నెల తిరక్కముందే ఒకాయన పెండ్లిమాలలకు వచ్చి గడప బయటే నిలబడి, ఇప్పుడు కట్టేదెవరు అని అడిగాడు. ఆయన కంఠం నెమ్మదిగానే ఉంది. మొగుడు పోయిన ఆడది పెండ్లిమాల ముట్టుకోకూడదని ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ నోటితో అనరు కూడా. కట్టేదెవరు అని అడుగుతారు, అంతే. అమ్మ ఒక్క క్షణం గోడ వంక చూసింది. తర్వాత నా భుజం మీద చేయి వేసి, నా కూతురు కడుతుంది అని చెప్పింది. సూరికి అప్పటికి ఐదేండ్లు. ఇంకేం చేయగలదు మరి.

ఆ రోజు నుంచి రెండేండ్లు మా ఇంట్లో జరిగింది ఒక నాటకం. వీధి అరుగు మీద నేను కూర్చొని, అందరికీ కనిపించేటట్టు ఓ మూర దండ కడుతుండేదాన్ని. లోపల తలుపు వేసుకొని అమ్మ పెండ్లిమాల కట్టేది. పూర్తయ్యాక నేను చేతుల మీద మోసుకొని బయటికొచ్చి ఇచ్చేదాన్ని. ఇంత చిన్న పిల్లకు ఎంత పనితనమో అనేవాళ్లు. పిల్ల చేయి మంచిది, దీని మాల పడిన ఇల్లు పచ్చగా ఉంటుంది అనేవాళ్లు. ఆ రెండేండ్లలో అమ్మ కట్టిన మాలలు వేసుకున్న పిల్లలు పెనుకొండలో, చెన్నేకొత్తపల్లిలో, తాడిమర్రిలో ఉన్నారు. బిడ్డల్ని కన్నారు, మనవళ్లను ఎత్తారు. ఒక్కరి కాపురమూ చెడలేదు. ఈ సంగతి నేను ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మనిషికి పొగడ్త ఎంత తొందరగా ఒంటబడుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు ఆ మాలలు నేనే కడుతున్నానని నాకే అనిపించడం మొదలైంది. నేను కట్టిన దండను అమ్మ విప్పి మళ్లీ కడితే కోపమొచ్చేది. ఇంత మంది నన్ను పొగుడుతుంటే ఈమెకేమిటి అనుకొనేదాన్ని. అమ్మకు అది అర్థమైందో, లేక దొంగచాటు పనికి విసిగిపోయిందో, ధర్మవరం నుంచి ఓ పట్టుచీరల షావుకారు ఇంటివాళ్లు కూతురి పెండ్లికి మాలలు చెప్పి పోయిన రోజున, "ఈ తూరి నువ్వే కట్టు. ఎన్నాళ్లని నీ పేరు మీద నేను కట్టేది," అంది.

మాలలు ముందు రోజు సాయంత్రమే కట్టాను. అమ్మ ఎదురుగా కూర్చొని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఒక్క పువ్వు కూడా అందివ్వలేదు. నోటితోనే చెప్పింది. ఇక్కడ బిగువు తగ్గించు, ఇక్కడ తెలుపు వెయ్యి, రోజాలను అట్లా ఒకే వైపు తిప్పకు, మనుషులు ఒకే వైపు చూస్తే బాగుంటుందా అని. మధ్యలో రెండుసార్లు ఆమె చేతులు వాటంతట అవే లేచి, మళ్లీ ఒళ్లోకి పోయాయి. దీపాలు పెట్టే వేళకు రెండు మాలలూ అయ్యాయి. అమ్మ చుట్టూ తిరిగి చూసి, బాగుండాది అంది. నా జన్మలో ఆమె నన్ను ఆ మాట అన్నది అదొక్కసారే. మాలల్ని తడిబట్ట మీద పరిచి, పొద్దున్నే బట్ట తీసేసి గాలికి పెట్టు, ఒక్క చుక్క తడి లేకుండా ఆరినాకే అరిటాకులు వేసి గంపలో సర్దు అని చెప్పింది.

పొద్దున్నే అమ్మ సూరిని పక్కింట్లో దిగబెట్టడానికి పోయింది. నేను మాలల దగ్గరికి పోయాను. బాగానే ఉన్నాయి గాని, నా కంటికి మెరుపు చాల్లేదనిపించింది. ధర్మవరం షావుకారు ఇంట్లో మాల తీయగానే నీటిచుక్కలు మెరవాలని నాకు ఆశ. చెంబుతో నీళ్లు తెచ్చి బాగా చల్లాను. అంతటితో ఆగినా బతికిపోయేదాన్ని. అంతకుముందు హిందూపురంలో ఒక పూల కొట్టులో మాలను పెద్ద ప్లాస్టిక్ కవర్లో వేసి ఇవ్వడం చూసి, అట్లాంటి కవరొకటి అడిగి తెచ్చి పెట్టెలో దాచుకొని ఉన్నాను. గంప, అరిటాకులు పల్లెటూరి పద్ధతిగా తోచింది. తడి తడి మాలలు ఆ కవర్లో వేసి, గాలి పోకుండా మూతి అరటినారతో బిగించి కట్టి, గంపలో పెట్టి పైన గుడ్డ కప్పేశాను. అమ్మ వచ్చి ఆరినాయా అని అడిగింది. ఆరినాయి అన్నాను. బస్సు హారను వినపడింది. ఆమె గుడ్డ ఎత్తి చూడలేదు. నన్ను నమ్మింది.

వైశాఖమాసపు ఎండ. బస్సులో ఇంజను పక్కనే మాకు చోటు దొరికింది. గంప నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. చెన్నేకొత్తపల్లిలో డ్రైవరు టిఫినుకని దిగి అరగంట తర్వాత వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూ, మాల చూసి వాళ్లేమంటారో, నేనేమనాలో మాటలు కూర్చుకుంటున్నాను. అమ్మ ఒక్కసారి గంప మీద చేయి పెట్టి, వేడిగుండాదే అంది. ఎండ కదమ్మా అన్నాను.

పెండ్లివారింట్లో పందిట్లోకి అమ్మ రాలేదు. అట్లాంటి చోట్ల ఆమె వీధి గేటు దగ్గరే ఆగిపోయేది, ఎవరూ ఆగమనక్కర్లేదు. నేనొక్కదాన్నే గంప తీసుకొని లోపలికి పోయాను. పెండ్లికూతురి మేనత్త, నిండుగా నగలు వేసుకున్న పెద్దావిడ, గుడ్డ తీసి కవరు మూతి విప్పింది. ముందు వాసన వచ్చింది. ఆకుకూర ఉడికిన వాసన. ఆమె మాల పైకెత్తింది. మల్లెలు గోధుమరంగు తిరిగి మెత్తబడి ఉన్నాయి, సుగంధరాజ పూలు నల్లగా వేలాడుతున్నాయి. రోజాల రెక్కలు జలజల రాలి ఆమె కాళ్ల మీద పడ్డాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు రెండడుగులు వెనక్కు వేశారు. లగ్నానికి ఇంకా రెండు గంటలుంది. పెండ్లికూతురు పక్కగదిలోంచి తొంగి చూస్తోంది.

ఆ మేనత్త నన్ను తిట్టలేదు. నా గడ్డం పట్టుకొని, "ఎవరు కట్టినారు పాపా దీన్ని? నిజం చెప్పు," అంది.

నేను కట్టాను అనాలి. రెండే ముక్కలు. భయపడి అనలేకపోయానని ఇన్నేండ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. భయం కాదు, గర్వం. పిల్ల చేయి మంచిది అన్న మాట పోతుందని నా బాధ. ఆ మాట పోతే నా దగ్గర ఇంకేముంది? అమ్మ కట్టిన మాలలకు మెప్పు నేను తీసుకున్నాను, నేను పాడు చేసిన మాల ఆమె మీద పెడితే సరిపోతుందని నా బుద్ధికి తోచింది. "మా అమ్మ," అన్నాను.

అమ్మను గేటు దగ్గర్నుంచి పిలిచారు. గడప బయటే నిలబెట్టి మాల చూపించారు. ఆమె ముట్టుకోకుండా నిలబడి చూసింది. తర్వాత రెండు వేళ్లు పూల మధ్యకు పోనిచ్చి బయటికి తీసింది. వేళ్లు తడిగా ఉన్నాయి. నా చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు వంక చూసింది. నా ముఖం చూసింది. ఆమెకు అంతా అర్థమైందని నాకు అర్థమైంది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను, చెప్పాలని కూడా కోరుకున్నాను. "అవునమ్మా. నేనే కట్టినా," అంది.

"తాడు తెగినదానివి, పెండ్లిమాల ముట్టేదానికి చేతులెట్లా వచ్చినాయి నీకు?" అంది మేనత్త. ఇంకెవరో, చూడు ఆ చేయి పడినందుకు పూలు ఎట్లా నల్లగయినాయో అన్నారు. అమ్మ చేయి పడని మాల, ఆ రెండేండ్లలో, అదొక్కటే. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం అక్కడే ఉన్నాం, ఇద్దరం నోరు మూసుకున్నాం. నా నోరు ఎందుకు మూసుకుందో చెప్పాను. ఆమె నోరు ఎందుకు మూసుకుందో నాకు చాలా ఏండ్లు తెలియలేదు.

మాలలు మా గంపలోనే వేసి పంపేశారు. తిరిగొచ్చే బస్సులో అమ్మ ఏడవలేదు, నన్ను కొట్టలేదు. పెనుకొండ దగ్గరపడ్డాక, ఆ కవరు యాడిది అని మాత్రం అడిగింది. హిందూపురంలో తెచ్చుకున్నానని చెప్పాను. ఊఁ అంది. ఇంటికి పోయాక మాలలు విప్పి, పనికొచ్చే నార వేరు చేసి, నీళ్లలో వేసి పెట్టుకుంది.

ఆ కథ మాకంటే ముందే పెనుకొండ చేరినట్టుంది. మళ్లీ మా గడప దగ్గర పెండ్లిమాల అడిగినవాళ్లు లేరు. అమ్మ చావులకు కట్టింది. బంతిపూల మాలలు, పాడె మీద వేసేవి. వాటికీ పెద్ద పూలు గుండె మీదికి వచ్చేటట్టే చూసుకొనేది. చచ్చినాయన పొడుగెంత అని ఒకసారి అడిగితే, వచ్చినవాడు వింతగా చూశాడు. శవం మీద మాల వేసేవాళ్లు మాలను చూడరు, అమ్మా, ఎవరి కోసం ఇంత పని అని నేను విసుక్కున్నాను కూడా. అంత కఠినంగా మాట్లాడే హక్కు నాకెక్కడిదో ఇప్పటికీ తెలియదు. ఆమె సంపాదనతోనే చదివాను, టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. నా పెండ్లికి మాలలు బయట కొన్నారు. పీటల మీద కూర్చున్నాక నా మాలలో ఒక రోజా తొడిమ జారి వేలాడింది. అమ్మ వెనక వరసలోంచి రెండడుగులు ముందుకొచ్చి, దాన్ని సర్దడానికి చేయి చాచి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి వెనక్కు తీసుకుంది. ఆ పువ్వు అట్లాగే వేలాడుతూ తాళి కట్టించుకున్నాను. పెండ్లి ఫోటోలో ఇప్పటికీ వేలాడుతోంది.

ఇప్పుడు కాలం మారిందని అందరూ అంటారు. నేనూ బడి సభల్లో అన్నాను. పెండ్లి మంటపాల నిండా పూలు పెట్టేది ఎవరో, వాళ్లకు పెండ్లయిందో లేదో, మొగుడున్నాడో లేడో ఎవరూ అడగరు. పెట్టెలో వచ్చిన కార్నేషన్ను ఏ ఊళ్లో ఏ చేయి కోసిందో ఎవరికి తెలుసు. చేయి కనిపించనంత వరకు అందరికీ అన్నీ సమ్మతమే. కనిపించిందా, లక్ష్మిలాగా పీట ఎత్తుకొని పక్కకు జరగాల్సిందే. మారింది కాలం కాదు, పూలు వచ్చే దూరం.

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం వెనక గదిలో లక్ష్మి పక్కన కూర్చున్నాను. ఆమె ముళ్లు గీకుతుంటే, ధర్మవరం కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నీళ్లు చల్లింది నేను, కవరు కట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను అన్నాను. అరవై దాటాక బయటపడిన మాటలు. ఆమె కత్తి ఆపలేదు.

"తెలుసు వదినా," అంది. "నా పెండ్లయిన కొత్తలో తడి పూలు మూటగడతాంటే అత్తమ్మ చేయి పట్టుకొని ఆపింది. అప్పుడు చెప్పింది. నీ చేయి మంచిది కాదని పేరొస్తే నీకు పెండ్లి యాడ అయితాదని, ఆ మాట తన మీద వేసుకొన్నాదంట."

మరి తెలిసి కూడా నువ్వెందుకు ముట్టుకోవని అడిగాను.

"నాకు తెలిస్తే ఏమయితాది? మాల కొనేటోళ్లకు తెలియాల కదా. ధర్మవరం పక్క ఇండ్లల్లో ఇంకా చెప్పుకుంటాండారు ఆ కథ. పోయిన నెల ఒకామె ఈడికే వచ్చి, నన్ను చూసి, నువ్వు పక్కకుండమ్మా అన్నాది." లక్ష్మి కాడ తిప్పి రెండో వైపు గీకింది. కోపంగా కూడా అనలేదు. "నాకు చెప్పి ఏం లాభం వదినా. ఆ పొద్దు ఆడ చెప్పింటే అయిపోయేది."

అప్పుడే హారిక ముందు గదిలోంచి వచ్చింది. ధర్మవరం నుంచి పెండ్లివాళ్లు వచ్చి కూర్చున్నారని, మాల కట్టేదెవరు అని అడుగుతున్నారని చెప్పింది. "నువ్వు రా అత్తా. ముత్తయిదువవు, నీ చేత్తో మొదటి పువ్వు పెట్టు. వాళ్లకు తృప్తిగా ఉంటాది," అంది.

లక్ష్మి ముళ్లు తీసిన గులాబీల్లోంచి మంచిది ఏరి, తుండుగుడ్డతో తడి తుడిచి, నా చేతికిచ్చింది. నేను ముందు గదిలోకి పోయాను. తల్లి, కూతురు, ఇంకో పెద్దామె కుర్చీల్లో కూర్చొని నా వంకే చూస్తున్నారు. ఆ ప్రశ్న నా ముందుకు రెండోసారి వచ్చింది. నా మీద ఆధారపడిన చిన్నపిల్లలు లేరు, నాకు కావాల్సిన పెండ్లి లేదు, నా పేరుకు వచ్చే నష్టం లేదు. నిజం గట్టిగా చెబితే వెనక గదిలో లక్ష్మికి వినపడేంత దగ్గర. కట్టేది మీరేనా అమ్మా అని పెద్దామె అడిగింది.

అవునన్నట్టు తల ఊపి, పువ్వు పెట్టాను.